ఇంగ్లండ్‌లో కౌన్సిల్, హౌసింగ్ అసోసియేషన్ ఇళ్ల కంప్లైంట్ వ్యవస్థ: ఏళ్ల తరబడి వాడాక

ఇది ఇంగ్లండ్‌లో కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం), హౌసింగ్ అసోసియేషన్ (లాభాపేక్ష లేకుండా అద్దె ఇళ్లు నడిపే సంస్థ) ఇళ్ల సంగతి. స్కాట్లండ్, వేల్స్ దారులు వేరు. ప్రైవేటు అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఇందులో చాలా భాగం పనికిరాదు. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్న మనవాళ్లకు పబ్లిక్ ఫండ్స్ షరతు (ప్రభుత్వ సాయం తీసుకోకూడదన్న నిబంధన) వల్ల ఈ ఇళ్లు మామూలుగా దొరకవు. కాబట్టి ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) గానీ పౌరసత్వం గానీ వచ్చి, ఇలాంటి ఇళ్లలో ఉంటున్నవాళ్లు చదివితే చాలు.

అన్నిటికంటే ముందు ఇంటి ఓనరు ఎవరో టెనెన్సీ అగ్రిమెంట్ తీసి చూడండి. హౌసింగ్ అసోసియేషన్ అయితే, కౌన్సిల్‌లో ఇళ్ల ప్రమాదాలు చూసే ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగం వాళ్లకు 2004 హౌసింగ్ చట్టం కింద నిజమైన అధికారం ఉంది. వాళ్లు ఇంటికొచ్చి 29 రకాల ప్రమాదాల్లో ఏవి ఉన్నాయో చూస్తారు. కేటగిరీ 1 (అన్నిటికంటే తీవ్రమైన రకం) తేలితే చర్య తీసుకోక తప్పదు, ఓనరుకు నోటీసు ఇవ్వగలరు. అదే ఓనరు కౌన్సిలే అయితే, ఆ ఆఫీసరే వచ్చి చూసి రిపోర్టు రాయగలడు కానీ సొంత కౌన్సిల్ మీద నోటీసు ఇవ్వలేడు. తన చెవి తనే మెలేసుకోవడం కుదరదు కదా. అయినా ఆ రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి, తర్వాత బాగా పనికొస్తుంది.

కౌన్సిలర్ల స్క్రూటినీ కమిటీ మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. అసోసియేషన్ వాళ్లను పిలిచి అడగగలదు, సిఫారసులు రాయగలదు, మీ ఇంటి పైకప్పు బాగుచేయమని ఆజ్ఞ వేయలేదు. వార్డు కౌన్సిలర్ ఈమెయిల్ వల్ల ఆగిన ఫైలు కదులుతుంది, అంతే. హౌసింగ్ ఓంబుడ్స్‌మన్ (ఓనరు మీద కంప్లైంట్లు విచారించే బయటి సంస్థ) దగ్గరికి వెళ్లాలంటే కౌన్సిలరో ఎంపీనో పంపాలని ఇప్పటికీ కొందరు అనుకుంటారు. అలా పంపకపోతే ఎనిమిది వారాలు ఆగాలన్న ఆ నిబంధన 2022 అక్టోబర్ 1 నుంచి లేదు.

అసలు పని జరిగేది ఓనరుకే పెట్టే రెండు స్టేజ్‌ల కంప్లైంట్‌లో. 2024 ఏప్రిల్ 1 నుంచి కంప్లైంట్లు ఓనర్లు ఎలా చూడాలో చెప్పే ఓంబుడ్స్‌మన్ కోడ్‌కు చట్టబలం వచ్చింది. స్టేజ్ 1 అందిందని 5 పనిదినాల్లో చెప్పాలి, ఆ రోజు నుంచి 10 పనిదినాల్లో జవాబివ్వాలి. ఆ జవాబు నచ్చక స్టేజ్ 2కి వెళ్తే ఇవే 5, 20. కారణం చెప్పి మొదటిదాన్ని ఇంకో 10 పనిదినాలు, రెండోదాన్ని ఇంకో 20 పనిదినాలు పొడిగించుకోవచ్చు. అంటే మామూలుగా ఎనిమిది వారాలు, సాగదీస్తే పద్నాలుగు. చాలామంది దెబ్బతినేది ఇక్కడ కాదు, దీనికి ముందే. ఫోన్ చేసి "గోడ తడుస్తోంది" అంటే అది రిపేరు రిక్వెస్టుగానే నమోదవుతుంది, కంప్లైంట్ గడియారం కదలదు. రిపేరు మనిషి బెల్ కొట్టీ కొట్టకుండా "ఇంట్లో ఎవరూ లేరు" అని కార్డు పడేసి పోతే ఆ జాబ్ నంబరు మూతపడుతుంది. మళ్లీ ఫోన్ చేస్తే కొత్త నంబరు, మళ్లీ మొదటి రోజు. అందుకని రెండోసారి ఫోన్ చేయకుండా ఈమెయిల్ పెట్టండి: "ఇది స్టేజ్ 1 కంప్లైంట్. మొదట చెప్పిన తేదీ ఇది, పాత జాబ్ నంబర్లు ఇవి, నాకు కావలసింది ఇది." నాలుగు లైన్లు చాలు.

చెమ్మ, బూజు విషయంలో 2025 అక్టోబర్ 27 నుంచి అవాబ్ చట్టం అమల్లో ఉంది. 2020లో రాచ్‌డేల్‌లో బూజు పట్టిన ఇంట్లో ఉంటూ చనిపోయిన రెండేళ్ల అవాబ్ ఇషాక్ పేరు మీద వచ్చింది. అత్యవసరమైతే 24 గంటల్లో చూసి ప్రమాదం లేకుండా చేయాలి. తీవ్రమైన చెమ్మ, బూజు అయితే 10 పనిదినాల్లో పరిశీలన, అది ముగిసిన 3 పనిదినాల్లో రాతపూర్వక సారాంశం, 5 పనిదినాల్లో ప్రమాదం తొలగింపు. అది కుదరకపోతే వేరే చోట ఉండే ఏర్పాటు వాళ్ల ఖర్చుతోనే. మెలిక ఏంటంటే, ఏది "తీవ్రం" అన్నది మొదట తేల్చేది ఓనరే. పిల్లల వయసులు, ఆస్తమా, గర్భం ఉంటే మొదటి మెసేజ్‌లోనే రాయాలి.

ఇల్లు పరిశీలించే సర్వేయర్ వచ్చినప్పుడు పక్కనే నిలబడండి. చెమ్మ కొలిచే రెండు సూదుల మీటర్ గోడకు గుచ్చుతాడు. ఏ గోడ, నేల నుంచి ఎంత ఎత్తు, అంకె ఎంత అన్నది రాయమనండి. "మీ వంట ఎక్కువ, బట్టలు లోపల ఆరేస్తారు" అన్న మాట తప్పక వస్తుంది, కుక్కర్ కనబడిందా ఇంకా తొందరగా వస్తుంది. వాదించకండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి దాని మీద టిష్యూ కాగితం ముక్క పెట్టి చూపించండి. అంటుకోకుండా రాలిపోతే ఆ ఫ్యాన్ గాలి లాగట్లేదన్నట్టే. బీరువా వెనకో పైమూలలోనో ఉన్న బూజు చల్లటి గోడ మీద ఆవిరి నీరు కట్టడం వల్ల కావచ్చు. వాన తర్వాత పెద్దదయ్యే గోధుమ మచ్చ బయటి గటర్ వల్ల కావచ్చు. దాన్ని బట్టలు ఆరేయడం మీదికి తోసేస్తే ఒప్పుకోకండి.

కౌన్సిల్ అద్దెదారులకు 1994 నాటి రైట్ టు రిపేర్ (చిన్న రిపేర్లు గడువులోపు చేయించుకునే హక్కు) ఒకటుంది: ఒక్కటే టాయిలెట్ ఉండి ఫ్లష్ కాకపోతే 1 పనిదినం, సింక్ మూసుకుపోతే 3, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పాడైతే 7. మొదటి కాంట్రాక్టర్ చేయకపోతే రెండో అతన్ని పెట్టమనాలి. అతనూ చేయకపోతే పరిహారం 10 పౌండ్లు, ఆపైన రోజుకు 2, గరిష్ఠంగా 50. ముప్పై ఏళ్లుగా అదే 50. వాడండి గానీ డబ్బు కోసం కాదు, తేదీలు కాగితం మీదికి ఎక్కడం కోసం.

ఆ తేదీల కోసమే ఇంకో ఆయుధం: మీ పేరు మీద ఉన్న సమాచారం మొత్తం ఓనరును అడగడం. ఉచితం, నెలలో ఇవ్వాలి. రిపేరు చరిత్ర, కాల్ నోట్స్, సర్వే రిపోర్టులు, ఫోటోలు అని విడివిడిగా పేర్లు రాసి అడగండి. ఇక్కడి సమాచార హక్కు చట్టం (ఫ్రీడమ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్) కౌన్సిల్‌కు వర్తిస్తుంది, అసోసియేషన్‌కు వర్తించదు.

ఇలాంటి ఓనర్లను పర్యవేక్షించే ప్రభుత్వ రెగ్యులేటర్ సీ1 (మంచిది) నుంచి సీ4 (అధ్వానం) దాకా గ్రేడ్లు ఇస్తుంది, ఒక్కొక్కరి కంప్లైంట్ తీసుకోదు. మీ ఓనరుకు సీ3 ఉంటే ఆ విషయం ఈమెయిల్‌లో ఒక లైను రాయండి, అంతకుమించి ఉపయోగం లేదు. కోపంలో అద్దె మాత్రం ఆపకండి. బకాయి పడితే ఇల్లు ఖాళీ చేయించే దారి వాళ్లకు మీరే తెరిచినట్టు.

చివరిగా హౌసింగ్ ఓంబుడ్స్‌మన్: ఉచితం, నెమ్మది, కానీ తేదీలు సరిగ్గా ఉంటే నష్టపరిహారం, రిపేర్లకు గడువులు రాయించే చోటు ఇదే. స్టేజ్ 2 జవాబు వచ్చిన 12 నెలల్లోపు పంపాలి. ఇల్లు కేటాయింపు, హోమ్‌లెస్ దరఖాస్తు గొడవలైతే ఇక్కడికి కాదు, లోకల్ గవర్నమెంట్ ఓంబుడ్స్‌మన్‌కు. ఒకదాని బదులు ఇంకోదానికి పంపితే పోయేది మీ నెలలే.