జాగ్రత్త: బెంగళూరులో "ఒరిజినల్" పేరుతో నకిలీ నెఫెరాటా సెట్

బెంగళూరులో వార్‌హామర్ (బల్ల మీద చిన్న బొమ్మలతో ఆడే యుద్ధ ఆట) బొమ్మలు కొనే మన తెలుగువాళ్ళ కోసం రాస్తున్నాను. వాట్సాప్ గ్రూపులో "నెఫెరాటా, అభోరాష్ జోడీ, ఒరిజినల్, షాపు ధరలో సగం" అని ఎవరైనా ఫొటో పెడితే డబ్బు పంపకండి. నేను కొన్నాను. వచ్చినవి రెండూ నకిలీవే.

ఆ జోడీ మీద ఆశ ఎందుకో కథ తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ ఆట కథలో నెఫెరాటా లహ్మియా అనే రాజ్యానికి రాణి. నాగాష్ అనే మాంత్రికుడి గ్రంథాల విద్యతో చేసిన రసం తాగి వ్యాంపైర్ అయింది. చావు తప్పింది కానీ తీరని నెత్తుటి దాహం పట్టుకుంది. అభోరాష్ ఆమె సైన్యాధిపతి, ఆ రాజ్యంలో సాటిలేని యోధుడు. ఇష్టం లేకుండానే ఆ శాపంలోకి దిగాడు. తర్వాతెప్పుడో ఒక డ్రాగన్‌ని చంపి, దాని రక్తం తాగి ఆ దాహం నుంచి బయటపడ్డాడు. నాకు రాణి కన్నా ఇతనే ఇష్టం. అమ్మేవాడికి ఈ బలహీనత బాగా తెలుసు.

పైగా "మనోళ్ళే కదా అన్నా, మీ దగ్గర ఎక్కువ తీసుకుంటానా" అన్నాడు. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే మారతహళ్ళిలో ఈ మాట వింటే ఎవరికైనా మనసు మెత్తబడుతుంది. పెట్టె ఫొటో అడిగితే "షిఫ్టింగ్‌లో పోయింది అన్నా" అన్నాడు. ఇల్లు మారని మనిషి ఈ ఊళ్ళో ఎవరున్నారు, నమ్మాల్సిందే!

నెఫెరాటా ప్లాస్టిక్ కిట్ 2014లో వచ్చింది. ఒకే పెట్టెలోని ముక్కలతో అదే కథలోని ఆర్ఖాన్, మాన్‌ఫ్రెడ్, నెఫెరాటా ముగ్గురిలో ఎవరినైనా చేసుకోవచ్చు. అంటే కొత్త కిట్‌లో ముక్కలు ప్లాస్టిక్ ఫ్రేముకు అంటుకుని ఉంటాయి, బొమ్మ కట్టాక మిగతా ఇద్దరి తలలూ చేతులూ మిగులుతాయి. నాకొచ్చింది జిప్ కవర్లో విడి ముక్కలు, అవీ నెఫెరాటావి మాత్రమే. "మిగతావి వేరేవాళ్ళకు అమ్మేశాను" అన్నాడు. అది అబద్ధమని జిగురు తేల్చింది. ప్లాస్టిక్ కిట్‌ల జిగురు ప్లాస్టిక్‌ను కొంచెం కరిగించి అతికిస్తుంది, రెజిన్ (ద్రవంగా ఉండి తర్వాత గట్టిపడే పదార్థం) మీద పనిచేయదు. రాణిగారి చెయ్యి మర్నాటికి ఊడి వచ్చింది. ఒరిజినల్ ముక్కల నుంచి అచ్చు తీసి రెజిన్ పోశారన్నమాట. చెంప మీద గాలిబుడగ గుంట కూడా ఉంది. శాపం లహ్మియాలో తగిలిందనుకున్నాను, ఇక్కడ అచ్చులో కూడా తగిలింది.

సేనాని అభోరాష్ సంగతి ఇంకా ఘోరం. లైటు పక్క నుంచి వేసి చూస్తే కవచం నిండా పొరలు పొరలుగా సన్నటి గీతలు. త్రీడీ ప్రింటర్‌లో తీసిన బొమ్మ. ప్రింటు బొమ్మ అమ్మడం నేరమని నేననను, అలా చెప్పి ఆ ధరకే అమ్మితే సంతోషంగా కొనేవాణ్ణి. అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇంకొకటి. అది చేతికి జిగటగా తగిలింది, అంటే రెజిన్ పూర్తిగా గట్టిపడలేదు. అలాంటిది ఒట్టి చేత్తో పట్టుకుంటే కొందరికి దద్దుర్లు వస్తాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీ ప్రమాదం. ఇప్పటికే కొన్నవాళ్ళు గ్లోవ్స్ వేసుకోండి, ఉప్పుకాగితంతో రుద్దాల్సి వస్తే మాస్క్ పెట్టుకుని తడిపి రుద్దండి. ఆ పొడి పీల్చకూడదు.

డబ్బు విషయం. యూపీఐలో మనమే పిన్ కొట్టి పంపింది వెనక్కి రావడం కష్టం. చాట్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

కొనేముందు ఫ్రేముతో ఉన్న ముక్కల ఫొటో, ఆ రోజు తేదీ రాసిన చీటీ పక్కన పెట్టి తీసి పంపమని అడగండి. కుదిరితే ఏదైనా మెట్రో స్టేషన్ దగ్గర కలిసి, చూసుకున్నాకే డబ్బివ్వండి. నన్ను బ్లాక్ చేసిన ఆ మనిషి మొన్న వేరే గ్రూపులో కొత్త పేరుతో అదే ఫొటో పెట్టాడు, ఈసారి ఇంకో ఐదొందలు తగ్గించి.