అక్వేరియం అద్దం మీద గీతలు: నాలుగేళ్ల తర్వాత సీరియం ఆక్సైడ్ పొడి గురించి

నాది మూడడుగుల ట్యాంకు. 8 మిల్లీమీటర్ల గాజు, నిండా పోస్తే దాదాపు 160 లీటర్లు పడతాయి. నాలుగేళ్ల కిందట విజయవాడలోనే ఇల్లు మారాం. అప్పుడు మెట్ల మలుపులో ట్యాంకు సిమెంటు గోడకు రాసుకుంది. ముందు అద్దం మీద అరచేయంత మేర సన్నటి గీతలు పడ్డాయి. దూరం నుంచి చూస్తే అక్కడ పొగ పట్టినట్టు ఉండేది.

లోపలి వైపు అంతకుముందే ఇంకో గీత ఉంది. జానెడు పొడవు, కొడవలిలా వంపు తిరిగి ఉంటుంది. అద్దానికి రెండు వైపులా అతుక్కునే మాగ్నెట్ క్లీనర్‌తో పాచి తుడుస్తూ అడుగుదాకా లాగాను. అడుగున పరిచిన కృష్ణా ఇసుకలోంచి ఒక రేణువు మాగ్నెట్‌కీ అద్దానికీ మధ్య ఇరుక్కుంది. కర్రుమని చప్పుడు వినపడి చెయ్యి ఆపేసరికే గీత పడిపోయింది. ఏటి ఇసుకలో క్వార్ట్జ్ ఎక్కువ. మోహ్స్ స్కేలు మీద దాని గట్టిదనం 7, మామూలు గాజుది సుమారు 5.5. ఒక్క రేణువు చాలు.

ముందు అందరూ చెప్పే టూత్‌పేస్టే రుద్దాను. వారం రోజులు రుద్దినా వెంట్రుకంత తేడా లేదు. అక్రిలిక్ (ప్లాస్టిక్) ట్యాంకైతే మెత్తన కాబట్టి సన్నటి ఉప్పుకాగితంతో కూడా దారికి వస్తుంది. గాజుకు ఆ వైద్యం పనికిరాదు. గాజును నునుపు చేయడానికి అద్దాల పనివాళ్లు వాడేది సీరియం ఆక్సైడ్. నేను తెచ్చుకున్నది పావు కిలో, లేత ఇటుక రంగు పొడి.

ట్యాంకు పూర్తిగా ఖాళీ చేశాకే పని మొదలుపెట్టాను. చేపలు పని చేసిన రెండు రోజులూ ప్లాస్టిక్ డ్రమ్ములో, ఎయిర్ పంపుతో ఉన్నాయి. పొడిని నీళ్లతో చిక్కటి మజ్జిగలా కలిపి, డ్రిల్లింగ్ మిషన్‌కు ఫెల్ట్ ప్యాడ్ బిగించి, తక్కువ స్పీడులో తిప్పాను. సిలికాన్ అతుకుల మీద టేపు వేశాను. పక్కనే తడి, చేతిలో కరెంటు మిషన్, అందుకని మా తమ్ముణ్ణి ప్లగ్గు దగ్గరే నిలబెట్టాను.

ఇందులో అన్నిటికన్నా ముఖ్యం వేడి. గాజు ఒకేచోట వేడెక్కితే పగిలిపోతుంది. నిమిషానికోసారి మిషన్ ఆపి చేతి వెనకవైపు ఆనించి చూసేవాణ్ణి. గోరువెచ్చగా తగిలితే చాలు, ఆగి నీళ్లు చల్లడమే. పేస్టు ఎండితే కూడా వెంటనే వేడి పుడుతుంది. రెండు ఆదివారాల్లో కలిపి నాలుగు గంటలు పట్టింది. గది నిండా ఇటుక రంగు చుక్కలు పడ్డాయి. పొగలా కనిపించిన మరక మాత్రం పోయింది. ఈ నాలుగేళ్లలో మళ్లీ రాలేదు, ఆ చోట అద్దం మసకబారలేదు. ఆ మేరకు ఈ పొడికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

లోపలి గీత సంగతి వేరు. గోరు అడ్డంగా పెట్టి లాగితే టక్కున ఆగుతుంది. అలా ఆగిందంటే లోతైన గీత అన్నమాట. ముందు ఒక పాత గాజు ముక్క మీద అంతే లోతు గీత గీసి, ముప్పావు గంట మిషన్ పట్టించి చూశాను. గీత తగ్గింది కానీ చుట్టూ గాజు అరిగి చిన్న గుంట పడింది. ఆ ముక్కలోంచి కిటికీ ఊచలు చూస్తే వంకరగా కనిపించాయి. ట్యాంకు ముందు అద్దంలో చేపలు అలా సాగిపోయి కనిపించడం నాకు ఇష్టం లేదు. అందుకే ఆ గీతను ముట్టుకోలేదు.

అది సరైన నిర్ణయమే అయింది. నీళ్లు మార్చడానికి సగం తీసినప్పుడు ఆ గీత తెల్లటి దారంలా మెరుస్తుంది. నీళ్లు పోస్తూ ఉంటే, మట్టం పైకొచ్చే కొద్దీ కింది నుంచి చెరిగిపోతూ వస్తుంది. గాజు వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) సుమారు 1.52, నీళ్లది 1.33, గాలిది 1. గాలికన్నా నీళ్లది గాజుకు దగ్గర కాబట్టి, గీతలోకి నీళ్లు చేరితే కాంతి చెదరడం తగ్గుతుంది, అంతే. బయట వైపు గీతకు ఆ సాయం దొరకదు. కాబట్టి శ్రమ పడేదేదో బయటివాటి మీదే పడండి.

లోపలి గీతతో ఒక్క ఇబ్బంది ఉంది. మూడు వారాలకోసారి అందులో పాచి చేరి పచ్చటి గీతగా మారుతుంది. మెత్తటి టూత్‌బ్రష్‌తో తోమితే పోతుంది. ఇన్నేళ్లలో అది పెరగలేదు, నీళ్లు కారలేదు. అయితే అది గీత కాక పగులు అయితే, అందులోనూ అంచు నుంచి మొదలైతే, ఏ పొడీ వద్దు. నీళ్లు తీసేసి ఆ అద్దం మార్పించండి.

ఇప్పుడూ మాగ్నెట్ వాడుతున్నాను. ప్రతిసారీ ముందు దాని ముఖం కుళాయి కింద కడిగి, వేలితో తడిమి చూస్తాను. ఇసుకకు నాలుగు వేళ్ల ఎత్తులో ఆపేస్తాను. ఆ కిందిది పాత ఏటీఎం కార్డుతో, కింది నుంచి పైకి గీకుతాను.