ఇంట్ల క్లైంబింగ్ గోడకు ప్లాస్టిక్ హోల్డ్సా, వేప కట్టె హోల్డ్సా, వాల్యూములా... ఏది మేలు?

మాది నల్గొండ. మిద్దె మీద రేకుల రూం ఒకటి ఖాళీగ ఉంటే పోయిన ఏడు అండ్ల మా బిడ్డ కోసం క్లైంబింగ్ గోడ కట్టినం. 18 ఎంఎం ప్లైవుడ్, 8×4 షీట్లు రెండు పక్కపక్కన, 30 డిగ్రీలు ముందుకు వాలి ఉంటది. 8 అడుగుల షీటును 30 డిగ్రీలు వాలిస్తే పైకొస 4 అడుగులు ముందుకు వస్తది, ఎత్తు 7 అడుగులకు జర తక్కువ, కింద ఒక అడుగు నిలువు పలక కూడ కొడితే 9 అడుగుల రూంల మంచిగ పడతది. గోడ కట్టుడు వారం పని, వెల్డింగ్ ఆయన ఫ్రేం చేసిచ్చిండు, అయిపోయింది. హోల్డ్స్, అంటే చేత్తోని పట్టుకునే, కాలు పెట్టే ముక్కలు, ఏవి కొనాలె, ఏడ పెట్టాలె అనే కాడనే ఆరు నెలలు తిరిగినం, ఇప్పుడు కట్టుకునేటోళ్లకు అదంత మళ్లా పడొద్దని ఇది రాస్తున్న.

ముందుగాల ప్లాస్టిక్. అందరం ప్లాస్టిక్ అంటం గానీ అండ్ల రెండు రకాలు, పాలిస్టర్ రెసిన్‌వి ఒకటి, పాలీయురెథేన్‌వి ఒకటి, దాన్నే పీయూ అంటరు. రెసిన్‌ది బరువు ఎక్కువ, పెళుసు, కిందపడితే అంచు ఊడుతది. పీయూది తేలిక, జర సాగే గుణం ఉంటది, రేటు మాత్రం ఎక్కువ. నేను మొదలు రేటు చూసి ఆన్‌లైన్ల రెసిన్ సెట్టు తెప్పించిన, అండ్ల ఒక పెద్ద జగ్, అంటే చెయ్యి నిండ దొరికే హోల్డ్, బోల్టు బిగిస్తుంటనే టప్పుమని రెండు ముక్కలయింది. తీసి చూస్తే దాని వెనక వైపు చదునుగ లేదు, నడుమ ఉబ్బి ఉంది, అటువంటి దాన్ని ప్లై మీద పెట్టి గట్టిగ తిప్పితే బలమంత బోల్టు రంధ్రం కాడనే పడతది, పగలక ఏం చేస్తది. అప్పటి సంది ఏ హోల్డ్ వచ్చినా ముందు బండ మీద బోర్ల పెట్టి ఊపి చూస్తున్న, ఊగితే వాపస్.

బోల్టు సంగతి కూడ ఇక్కడనే చెప్తా. మన దగ్గర దొరికేది ఎం10, దాని గుండ్రటి తల బోల్టుకు 8 ఎంఎం అలెన్ కీ పడతది, చదును తలది అయితే 6 ఎంఎం. అమెరికా కొలత 3/8 అంగుళం బోల్టు చూడనీకె అచ్చం అట్లనే ఉంటది గానీ మర వేరే, ఒక దాంట్ల ఒకటి తిప్పితే టీ-నట్టు, అంటే బోల్టు పట్టనీకె ప్లై వెనక కొట్టే నట్టు, దాని మర పోతది, ఇగ అది ప్లై వెనక గిరగిర తిరుగుడే, బోల్టు రాదు, పోదు.

ఇగ కట్టె. మా కాలనీల వడ్లాయన దగ్గర వేప దర్వాజలు కోయంగ మిగిలిన ముక్కలుంటయి. "సారూ, ఇవి పొయ్యిలకు పోయేటియే, ఏం చేస్తవు వీటితోని" అన్నడు, చేత్తోని పట్టుకునే తీరు చూపెట్టినంక ఆయనకే హుషారు వచ్చి ఒక్క పొద్దుల పద్దెనిమిది చేసిచ్చిండు. చేవ ఉన్న కట్టె, ఒక జానెడు పొడుగు, 20 నుంచి 35 ఎంఎం లోతు. కట్టె గీతలు హోల్డ్ పొడుగుకే పోవాలె, అడ్డంగ పోతే పటుక్కున విరుగుతది. అంచు మాత్రం మనమే అరగదీసుకోవాలె. నేను 80 నంబర్ ఎమ్రీ పేపర్‌తోని మొదలుపెట్టి 120 కాడ ఆపిన, ఇంకా నున్నగ చేస్తే జారుతది. వార్నిషు అస్సలు వద్దు, కట్టె చెమట పీల్చుకునేది ఆ పచ్చి ముఖం తోనే.

చెమట అంటున్న గదా, మన ఎండలకు అసలు తేడా అక్కడనే. మేల నల్గొండ 44 దాటుతది, రేకుల కింద సాయంత్రం ఆరింటికి కూడ గోడ వెచ్చగనే ఉంటది. అప్పుడు ప్లాస్టిక్ స్లోపర్, అంటే బోడిగ గుండ్రంగ ఉండి అరచెయ్యి రాపిడి మీదనే ఆగే హోల్డ్, దాని మీద ఎంత చాక్ పొడి రుద్దినా చెయ్యి ఆగదు, పిల్ల ఏడుపు మొఖం పెడతది. అదే గంటల వేప పట్టు మీద వేళ్లు నిలుస్తయి. ఇంకోటి, ప్లాస్టిక్ గరుకు తోలు తింటది, మా బిడ్డ వారంల నాలుగు రోజులు ఎక్కితే శుక్రవారం నాటికి వేళ్ల కొసలు ఎర్రగ, పలచగ అయ్యేటివి, రాసుకునేటప్పుడు పెన్ను పట్టుకుంటే మంట అనేది. కట్టెకు మారినంక ఆ మంట లేదు, వేలి మడత కాడ చిన్న కాయ కాసింది, అంతే.

అయితే అంత కట్టెనే పెట్టమని నేను అనను. లోపలికి వంపు ఉండి చెయ్యి నిండ దొరికే పెద్ద జగ్గులు కట్టెతోని చేస్తే పెదవి కాడ చీలే భయం ఉంటది, అవి పీయూవే కొనుర్రి, పది చాలు. కాళ్లకు పెట్టే చిన్నయి కూడ ప్లాస్టిక్‌వే మేలు, బూటు రబ్బరుకు గరుకు కావాలె, కట్టె తొందరగ నున్నగయితది.

మా బావ ఒక సలహా ఇచ్చిండు, మన జిల్లాల గ్రానైట్ ముక్కలకు కొదువ లేదు గదా, వాటికే రంధ్రం వేసి బిగించరాదు అని. వద్దు. బరువు, కనపడని పగులు, ఊడితే కింద ఉన్నోళ్ల నెత్తి మీదనే.

పిల్లల కోసం కట్టేటోళ్లు ఇది మాత్రం గట్టిగ పట్టించుకోవాలె. ఎదిగే వయసుల వేళ్ల ఎముకల కణుపుల కాడ ఇంకా గట్టిపడని భాగం ఉంటది, చిన్న అంచుల మీద వేళ్లు మడిచి బొటనవేలు పైన వేసి బలంగ గుంజుడు రోజూ చేస్తే అక్కడ పగులు రావచ్చు. మా బిడ్డకు పదమూడేండ్లు, అందుకే చేతికి 20 ఎంఎం కన్న సన్నది మా గోడ మీద ఒక్కటి కూడ లేదు. కష్టం పెంచాలంటే చేతి పట్టు సన్నగ చెయ్యను, కాలు పెట్టే జాగ దూరం చేస్త. మూన్‌బోర్డు అనే రెడీమేడ్ ట్రైనింగ్ గోడ చూసి కొందరు అడుగుతరు, అది 40 డిగ్రీల గోడ, 11 నిలువు వరుసలు, 18 అడ్డం వరుసలు, ఏ హోల్డ్ ఏడ ఉండాలె, ఏ దిక్కు తిరగాలె అన్నది కూడ రాసే ఉంటది. పెద్దోళ్లు గట్టిగ ట్రైనింగ్ చేయనీకె అది బ్రహ్మాండం, ఇంట్ల మొదలుపెట్టే పిల్లలకు కాదు.

ఇప్పుడు వాల్యూములు. ప్లైతోని చేసిన బోలు పిరమిడ్ల వంటివి, గోడకు స్క్రూలతోని బిగించి వాటి మీద మళ్లా హోల్డ్స్ పెట్టొచ్చు. మొదలు నాకు ఇది షోకు సామాన్లెక్కనే అనిపించింది, ఒకటి పెట్టి చూసినంక మనసు మారింది. ఎందుకంటే మన గోడ మొత్తం ఒకటే వాలు, అదే 30 డిగ్రీలు, ఎన్ని హోల్డ్స్ మార్చినా ఒంటికి అదే కదలిక. ఒక్క వాల్యూం పెడితే దాని ఒక ముఖం దాదాపు నిలువు అయితది, ఇంకో ముఖం ఇంకా ఎక్కువ వాలుతది, అదే పాత హోల్డ్‌ను ఆ ముఖం మీద పెడితే కొత్త హోల్డ్ అయితది. 12 ఎంఎం ప్లై చాలు, ఒక షీట్ల ఐదారు వెళ్తయి, పెయింట్ల జల్లెడ పట్టిన సన్న ఇసుక కలిపి రెండు కోట్లు కొడితే కాలు మంచిగ ఆగుతది. ఇరవై ప్లాస్టిక్ హోల్డ్స్ కొనే పైసలుంటే నేనైతే పది కొని మిగిలిన దాంట్ల రెండు వాల్యూములు చేయిస్త.

నష్టం లేదా అంటే ఉంది. రెండడుగుల వాల్యూం కింద నాలుగైదు టీ-నట్లు మూసుకుపోతయి, 20 సెంటీమీటర్లకొకటి లెక్కన ఒక షీటుకే 72 అయినప్పుడు అది చిన్న మాట కాదు. ఇంకా పెద్దది, అది ఏడ పెడతం అన్నది. నేను కింద నడుమల పెట్టిన, పిల్ల పైనుంచి జారితే మోచెయ్యి దాని కొనకు తగిలింది, వారం దాక వాపు. పరుపు మీద పడేటప్పుడు ఒంటికి అడ్డం వచ్చే కాడ కొన ఉండొద్దు. ఇప్పుడు రెండూ పక్కల్లకు, గోడ సగం ఎత్తు పైన పెట్టిన.

పెట్టుడుల ఇంకో ఎంపిక ఉంది, ఇష్టమొచ్చినట్టు చల్లుడా, కుడి ఎడమ అద్దంల లెక్క జతగ పెట్టుడా. కట్టె హోల్డ్స్ జతలు చేయించుడు అల్కగ గనుక నేను జతకే ఓటు, కుడి చెయ్యితోని ఎక్కిన దారినే ఎడమతోని ఎక్కితే ఏ భుజం బలం తక్కువనో అదే రోజు తెలుస్తది. పక్కపక్కన కుక్కొద్దు, పిల్ల భుజాల వెడల్పు కన్న జర ఎక్కువ ఎడం ఉంటే నడుములు తిరుగుతయి.

భువనగిరి గుట్టకు పోవాలె అనుకునేటోళ్లు అయితే ఇది వేరే లెక్క. అక్కడ క్లైంబింగ్ స్కూలు ఉంది, 2014 మే 25న పదమూడేండ్ల వయసుల ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట ట్రైనింగ్ తీసుకుంది ఆ గుట్ట మీదనే. అది ఒకటే పెద్ద ఏకశిల, వాలు మన మీదికి రాదు, అవతలికి పోతది, చేతికి పెద్దగ ఏం దొరకదు, బూటు రాపిడి మీద నిలబడాలె. 30 డిగ్రీల గోడ మీద జగ్గులు గుంజి గుంజి పోతే అక్కడ కాళ్లు వణుకుతయి, మాకు అట్లనే అయింది. అందుకే రూం పక్క గోడకు ఒక షీటు దాదాపు నిలువుగ పెట్టి, చేతికి వేప అంచులు నాలుగు, కాళ్లకు ఇసుక పెయింట్ వాల్యూములు చేయిస్తున్న. వడ్లాయన ఆదివారం తెస్తనన్నడు, ఈసారి కొన కిందికి, చదును ముఖం పైకి వచ్చేటట్టు బిగించి చూస్తం.