లేత పచ్చ గోడలు: బెజవాడ ఇంట్లో నాలుగేళ్ల తర్వాత

పడకగదికి ఐదుకు ఐదు మార్కులు వేస్తాను. ముందుగదికి రెండు. వంటింట్లో నిరుడే తీయించేశాను. మూడింటికీ రంగు ఒకటే, వేసిన మేస్త్రీ ఒకరే. తేడా అంతా గదిలోకి వచ్చే వెలుతురులో ఉంది.

మాది సత్యనారాయణపురంలో పాత డాబా మీద లేపిన పై అంతస్తు. 2021లో దసరా వెళ్లి వానలు తగ్గాక ఈ రంగు వేయించాం. నీలం ఛాయ కలిసిన లేత పచ్చ. పిస్తా అని అడిగితే దుకాణంలో ఇచ్చేది ఇది కాదు, అందులో పసుపు పాలు ఎక్కువ. కీర దోసకాయ చెక్కు తీసిన చోట కనిపించే రంగు అనుకోండి. నీళ్లు కలిపి వేసే ఎమల్షన్, మెరుపు లేని మ్యాట్ రకం. పాత సున్నం గీకించి, పుట్టీ, ప్రైమర్ అయ్యాక రెండు పూతలు.

ఈ రంగు వేస్తే గది చల్లబడుతుందని చెప్పేవాళ్లను నమ్మకండి. మే నెలలో మా ఇంట్లో రాత్రి పదైనా స్లాబు సెగ దిగదు. లోపలి గోడ ఏ రంగైతే స్లాబుకేమిటి? వేడి తగ్గాలంటే మేడ మీద తెల్లని కూలింగ్ పూత వేయించాలి. ఆ తర్వాతి వేసవిలో వేయించాం, తేడా తెలిసింది. గోడ రంగు వల్ల కలిగే మేలు కంటికి. మిట్టమధ్యాహ్నం కూరగాయల సంచితో ఎండలోంచి వచ్చి పడకగదిలో అడుగుపెడితే బిగుసుకున్న కనుబొమలు వాటంతట అవే సడలుతాయి. తెల్ల సున్నం ఉన్న రోజుల్లో కిటికీ వెలుతురంతా తిరిగి ముఖాన కొట్టేది.

పడకగది కిటికీ ఉత్తరానికి ఉంది. ఏడాదిలో ఎక్కువ భాగం ఎండ నేరుగా పడదు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెలుతురు ఒకే తీరుగా, కాస్త నీలంగా ఉంటుంది. చలిదేశాల అలంకరణ పుస్తకాలు ఉత్తరపు గదికి ఇలాంటి రంగు వద్దంటాయి, గది మరీ చలిగా కనిపిస్తుందని. బెజవాడలో మనం డబ్బిచ్చి కోరుకునేది సరిగ్గా అదే.

ముందుగదిది పడమటి కిటికీ. సాయంత్రం ఎండ పడగానే గోడ పాచి పట్టినట్టు పసుపు తిరుగుతుంది. అది కొంత ఊహించిందే. ఊహించనిది ఎదురింటి సంగతి. రెండేళ్ల కిందట ఎదుటి అపార్టుమెంటుకు ఇటుక రంగు వేశారు. పొద్దున్నే ఎండ ఆ గోడ మీద పడి, అక్కడి నుంచి ఎర్రని వెలుతురు మా గదిలోకి వస్తుంది. ఎరుపూ పచ్చా ఒకదాన్నొకటి చంపుకుంటాయి కదా, ఆ పూటంతా మా గోడ బూడిదరంగులో ఉంటుంది. రంగు ఎంచుకునేటప్పుడు మీ ఇంటితోపాటు కిటికీలోంచి ఎదుటివాళ్ల ఇంటినీ చూడండి.

ఇక రాత్రి. 6500 కెల్విన్ (దీపపు వెలుతురు రంగును చెప్పే కొలత) తెల్ల ట్యూబులైటు కింద ఈ గోడల మధ్య కూర్చున్నవాళ్లంతా పచ్చకామెర్లు వచ్చి తగ్గినవాళ్లలా ఉంటారు. రంగు వేసిన కొత్తలో మా మరిది వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "టోకెన్లు ఎక్కడ ఇస్తున్నారు వదినా?" అన్నాడు. సూర్యారావుపేటలో ఆసుపత్రుల చుట్టూ తిరిగినవాళ్లకు ఆ వెటకారం వివరించనక్కర్లేదు. నిజానికి ఆసుపత్రికీ పచ్చకూ ఉన్న చుట్టరికం పాతదే. శాన్‌ఫ్రాన్సిస్కోలో హ్యారీ షెర్మన్ అనే సర్జన్ 1914లో ఆపరేషన్ గదికి తెలుపు వదిలి పచ్చ రంగు వేయించారు. తెల్లగోడల మిరుమిట్ల మధ్య రక్తపు ఎరుపును అదేపనిగా చూసే కంటికి పచ్చ విశ్రాంతి. మాకు ఆ అవసరం లేదు గనక దీపాలు మార్చాం. 3000 కెల్విన్ పసుపు దీపం పెడితే గోడలో పచ్చదనమే పోయింది. 4000 దగ్గర కుదిరింది, గోడ గోడలా, మనిషి మనిషిలా కనిపించారు.

వంటింటి గురించి ఎక్కువ చెప్పను. తాలింపు ఆవిరికి పొయ్యి పైభాగం జిడ్డుపట్టి పసుపు తేలింది, పచ్చ గోడల నీడలో అన్నం కూడా పాలిపోయి కనిపించేది. ఇప్పుడు అక్కడ మీగడ రంగు.

మ్యాట్ పూత అందం దూరం నుంచే. దివాను వెనక గోడకు తల ఆనించి టీవీ చూసేవాళ్ల పుణ్యమా అని వరసగా కొబ్బరినూనె మరకలు పడ్డాయి. తడిగుడ్డతో గట్టిగా రుద్దితే మరక కొంత పోయి, రుద్దినంత మేర మెరుపు వస్తుంది, పక్కనుంచి చూస్తే అది మరక కన్నా బాగా కనిపిస్తుంది. దోమను గోడ మీద కొట్టినా ఇదే తంతు. హాలుకు, పిల్లలు తిరిగే చోటుకు కాస్త మెరుపున్న, కడగడానికి వీలైన రకం తీసుకోండి. గడపకు పసుపు రాసేటప్పుడు గుమ్మం పక్కన గోడకు వేళ్లు తగిలితే వెంటనే సబ్బు పట్టుకుని వెళ్లకండి. సబ్బు క్షారానికి పసుపు ఎర్రబడుతుంది, లేత పచ్చ మీద ఆ ఎరుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పొడిగుడ్డతో తుడిచి వదిలేయండి. పసుపు వెలుతురుకు ఆగదు, పగటి వెలుగు తగిలే చోటైతే దానంతట అదే వెలిసిపోతుంది.

గోడ రంగు కూడా వెలుస్తుంది. మొన్న జనవరిలో ముందుగది క్యాలెండరు తీస్తే దాని వెనక దీర్ఘచతురస్రం తాజాగా ఉంది, చుట్టూ ఉన్నది ఒక మెట్టు తేలిపోయి నీలం వైపు జరిగింది. పచ్చలో కలిపే పసుపు ద్రవ్యాల్లో కొన్ని ఎండకు ముందుగా లొంగిపోతాయి. పడకగదిలో బీరువా జరిపి చూశాను, ఆ తేడా లేదు.

షేడ్ కార్డు మీద వేలెడంత ముక్క చూసి తేల్చుకోవద్దు. నాలుగు గోడలూ ఒకదాని రంగును ఇంకోదాని మీదికి విసురుకుంటాయి, గదిలో రంగు కార్డు మీది కన్నా చిక్కగా దిగుతుంది. మా మేస్త్రి, "ఒక నంబరు లేతది తీసుకోండమ్మా, గోడ ఎక్కాక మీకు కావలసినది వస్తుంది" అన్నాడు. విన్నాను, సరిగ్గా అదే వచ్చింది. కొన్ని కార్డుల్లో రంగు ఎంత వెలుతురును తిరిగి పంపుతుందో 0 నుంచి 100 లోపు అంకె వేస్తారు. మా పడకగదిలాంటి చిన్న గదులకు 70 పైన ఉన్నది చూసుకుంటే పగలు లైటు వేయాల్సిన పని తగ్గుతుంది.

సింగ్‌నగర్‌లో మా పిన్నివాళ్లు మా గోడలు చూసి ఇదే రంగు వేయించారు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో కింది వాటాలో నీళ్లు నిలిచాయి. తగ్గాక పండగకు ఇల్లు బాగుండాలని తొందరపడి, గోడ లోపలి తడి ఆరకుండానే మళ్లీ పూశారు. సంక్రాంతికల్లా బుడగలొచ్చి, ఉప్పు పొంగి, పొరలుగా రాలింది. అందులో రంగు తప్పేమీ లేదు, ఏ రంగైనా అంతే.

ఈ పచ్చ పక్కన ఏం నప్పుతుందంటే ముందు టేకు తలుపులు. తర్వాత జరీ అంచున్న గోధుమవన్నె మంగళగిరి నూలు కర్టెన్లు. గూట్లో పెట్టిన కొండపల్లి బొమ్మల ఎరుపు ఈ గోడ ముందు రెట్టింపు కనిపిస్తుంది. నీలితెలుపు టైల్సున్న నేల మాత్రం వద్దు, గది మరీ నిర్జీవంగా ఉంటుంది. సీలింగుకు కూడా మెరిసే తెలుపు కన్నా కొంచెం మీగడ కలిసినది నయం.

వచ్చే చలికాలంలో ముందుగదికి దంతపు రంగు వేయిస్తున్నాను. పడకగదికి మళ్లీ ఇదే. డబ్బా మూత మీద దుకాణంవాళ్లు అంటించిన మిక్సింగ్ నంబరు చీటీని ఫోనులో ఫొటో తీసి పెట్టుకున్నాను.