టైటనోబోవా, వాసుకి: ఏది పెద్దది?

ఈ రెండూ ఎప్పుడో అంతరించిపోయిన భారీ పాములు, ఇప్పుడు శిలాజాలే మిగిలాయి. కొలంబియా బొగ్గుగనిలో దొరికిన టైటనోబోవాది సుమారు 5.8 కోట్ల ఏళ్ల కిందటి కాలం. పొడవు దాదాపు 13 మీటర్లు, అంటే మా కర్నూలు ఆర్టీసీ బస్సంత. బరువు టన్నుకు పైనే. ఎక్కువగా నీళ్లలోనే ఉంటూ చేపలు తినేదంటారు. పాముకు ఒంటి వేడి బయటి నుంచే రావాలి కాబట్టి, అంత పెరగాలంటే ఏడాది సగటు 30 డిగ్రీలు దాటాలి. వేడొక్కటే చాలితే మా ఊళ్లోనూ పుట్టేదేమో, కానీ చిత్తడి అడవి కూడా కావాలి!

వాసుకి మన కచ్ లిగ్నైట్ గనిలోది, 4.7 కోట్ల ఏళ్ల నాటిది. మెల్లగా కదులుతూ, మాటు వేసి వేటాడేదట. 2024లో ఐఐటీ రూర్కీ పరిశోధకులు 11 నుంచి 15 మీటర్లని అంచనా కట్టారు, అదీ 27 వెన్నుపూసలను బట్టి. ఆ 15 పట్టుకుని వాసుకే గెలిచిందనడం తొందరపాటు. బరువులో నా ఓటు టైటనోబోవాకే.