ఎంసీటీ ఆయిల్: కాలేది సీసాలోని కొవ్వే

జిమ్ముల్లోనూ కీటో డైట్ చేసేవాళ్లలోనూ "ఫ్యాట్ బర్నర్" అని పేరుపడ్డ నూనె ఇది. ఎంసీటీ అంటే మీడియం చైన్ ట్రైగ్లిసరైడ్లు, మధ్యస్థ పొడవు గొలుసుల కొవ్వు. ఇక్కడ చూస్తున్నది సి8, సి10 (అంటే 8, 10 కార్బన్ల గొలుసున్న) కొవ్వు ఆమ్లాలు 60:40 పాళ్లలో ఉండే మామూలు 500 మి.లీ. సీసా. త్వరగా శక్తినిచ్చే నూనెగా దీనికి వంక పెట్టలేం. పొట్ట కరిగిస్తుందన్న ప్రచారానికి మాత్రం మార్కులు పడవు.

నూనె పలచగా, రంగూ వాసనా లేకుండా ఉంటుంది. మింగాక గొంతులో కాస్త గరగరలాడుతుంది, సి8 పాలు పెరిగేకొద్దీ ఆ గరగర ఎక్కువ. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకోవడం మొదలుపెడుతుంది. ఈ 60:40 నూనె మాత్రం ఫ్రిజ్‌లో పెట్టినా పేరుకోకూడదు. తెల్లగా గడ్డకట్టిందంటే లారిక్ ఆమ్లం, అంటే సి12, బాగానే కలిసిందని అనుమానించాలి. కొబ్బరినూనెలో దాదాపు సగం లారికే కాబట్టి అది చవగ్గా దొరుకుతుంది, లేబుల్ మీద దాన్ని కూడా ఎంసీటీ లెక్కలో వేసేస్తుంటారు. ఒంట్లోకి వెళ్లాక అది చాలావరకు పొడుగు గొలుసు కొవ్వుల దారే పడుతుంది. "కొబ్బరి నుంచి తీసిన 100 శాతం ఎంసీటీ" అన్న పెద్దక్షరాలు వదిలేసి, సి8 ఎన్ని గ్రాములు, సి10 ఎన్ని గ్రాములు అని విడివిడిగా రాశారో లేదో చూడండి. రాయని సీసాకు అంత ధర పెట్టడం దండగ.

అంత ధర దేనికంటే, ఈ కొవ్వు వెళ్లే దారి వేరు. నెయ్యి, వేరుసెనగ నూనెలోని సి16, సి18 ఆమ్లాలు పేగు గోడలో మళ్లీ ట్రైగ్లిసరైడ్లుగా కట్టుకుని, శోషరసం (లింఫ్) ద్వారా రక్తంలో కలుస్తాయి. కణంలోకి చేరాక కూడా శక్తి తయారయ్యే గది అయిన మైటోకాండ్రియా లోపలికి వాటిని కార్నిటిన్ అనే వాహక అణువు మోసుకెళ్లాలి. ఆ గుమ్మం దగ్గర కాపలా సీపీటీ1 అనే ఎంజైమ్‌ది. సి8, సి10 మాత్రం పోర్టల్ సిర గుండా నేరుగా కాలేయానికి వెళ్లి, చాలావరకు కార్నిటిన్ సాయం లేకుండానే లోపలికి దూరిపోతాయి. లోపల జరిగే బీటా ఆక్సీకరణ, అంటే గొలుసును తెంపే పని, అన్నిటికీ ఒకటే: ఒక్కో చుట్టుకు రెండేసి కార్బన్లు అసిటైల్ కో-ఎ అనే చిన్న ముక్కలుగా తెగిపోతాయి. సి16 పామిటిక్ ఆమ్లానికి 7 చుట్లు, 8 అసిటైల్ కో-ఎలు, ఖర్చులు పోను 106 ఏటీపీలు (కణం శక్తిగా వాడుకునే అణువులు). సి8కి 3 చుట్లు, 4 అసిటైల్ కో-ఎలు, 50 ఏటీపీలు. కాలేయంలో అసిటైల్ కో-ఎ వాడకానికి మించి పోగుపడితే మిగిలింది కీటోన్లు అనే ఇంధనంగా మారుతుంది, కీటో డైట్ చేసేవాళ్లు కోరేది వీటినే.

ఇప్పుడు అదే నూనెను అన్నంతో కలిపి చూడండి. పిండిపదార్థం అందగానే ఇన్సులిన్ పెరుగుతుంది, అసిటైల్ కో-ఎ కార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ చురుకై మలోనైల్ కో-ఎను తయారుచేస్తుంది. కొత్త కొవ్వు కట్టడానికి ముడిసరుకు అదే: ఒక అసిటైల్, ఏడు మలోనైల్, 14 ఎన్‌ఏడీపీహెచ్ (హైడ్రోజన్ అందించే అణువులు) కలిస్తే ఒక పామిటిక్. అదే మలోనైల్ వెళ్లి సీపీటీ1ని కూడా మూసేస్తుంది. ఒక పక్క కడుతూ ఇంకో పక్క కూల్చకుండా ఒళ్లు చేసుకున్న ఏర్పాటిది. ఎంసీటీకి ఆ గుమ్మంతో పెద్దగా పనిలేదు కనక అది కాలుతూనే ఉంటుంది, భోజనంలోని మిగతా కొవ్వు నిల్వకు పోతుంది. మామూలు తిండి మీద అదనంగా 30 మి.లీ. పోసుకుంటే ఒరిగేది రోజుకు సుమారు 235 కేలరీల భారమే. వేరే నూనె తగ్గించి దాని బదులు వాడితే కొంత ఫలితం ఉంది. 13 ప్రయోగాలను కలిపి చూసిన 2015 నాటి విశ్లేషణలో బరువులో తేలిన తేడా సగటున అరకిలో.

మోతాదు 5 మి.లీ.తో, అదీ తిండితో పాటే మొదలుపెట్టాలి. మూడు నాలుగు రోజులకోసారి ఇంకో 5 పెంచుకుంటూ పూటకు 15 మి.లీ. దగ్గర ఆగితే మంచిది. పరగడుపున ఒకేసారి 30 తాగితే కడుపునొప్పి, ఆపైన విరేచనాలు. ఈ కొవ్వు పేగులో చాలా వేగంగా విడిపోతుంది, ఒక్కసారిగా పోగైన ఆ ఆమ్లాలు నీటిని పేగులోకి లాగుతాయి.

పోపుకు పనికిరాదు, సుమారు 160 డిగ్రీలకే పొగ వస్తుంది. వడ్డించాక పప్పులో నెయ్యి బదులు వేసుకోవచ్చు. కాఫీలో అయితే చెంచాతో తిప్పితే పైన తేలుతుంది, బ్లెండర్‌లో కొట్టాలి. థర్మోకోల్ కప్పులో మాత్రం పోయకండి, ఈ నూనె పాలీస్టైరీన్‌ను మెత్తబరిచి కారిపోతుంది. గాజు, స్టీలు క్షేమం. పొడి రూపంలో కొనేవాళ్లు మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం ఉందేమో చూసుకోవాలి. అది ఇన్సులిన్‌ను లేపుతుంది, ఇక కీటోన్ల ఆశ అక్కడితో సరి.

మూర్ఛకు కీటో ఆహారం మీద ఉన్న పిల్లలకు, పొడుగు గొలుసు కొవ్వుల్ని తెంపలేని జన్యులోపం ఉన్నవాళ్లకు డాక్టర్లు దీన్ని మందులాగే లెక్కగట్టి ఇస్తారు. అక్కడ ఈ నూనెకు సాటి తక్కువ. అయినా ఒంటికి తప్పనిసరైన లినోలిక్, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లాలు ఇందులో లేవు కాబట్టి ఇంట్లో నూనెలన్నీ మానేసి దీన్నొక్కదాన్నే వాడకూడదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, కాలేయం చెడినవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. ఎంసీఏడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకైతే ఒక్క చుక్క కూడా వద్దు: సి8 గుమ్మం దాటి లోపలికి వస్తుంది గానీ దాన్ని తెంపే ఎంజైమే వాళ్లలో పనిచేయదు.