నెగొంబో, కొలంబో, క్యాండీ: ఒంటరిగా నా మొదటి నాలుగు రోజులు

నెల్లూరు నుంచి విజయవాడకు రైల్లో పట్టే టైములో సగం కూడా పట్టదు, చెన్నై నుంచి కొలంబోకు విమానం. ఈ లెక్క చెప్పే అమ్మను ఒప్పించాను. నలభై మూడేళ్ల వయసులో, తోడు ఎవరూ లేకుండా, పాస్‌పోర్టు మీద మొదటి ముద్ర వేయించుకోవడానికి వెళ్తున్నానంటే ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న: "ఒక్కదానివే ఎందుకు?" అందరికీ ఒకేసారి సెలవులు దొరికే రోజు కోసం పదేళ్లు చూశాను, ఇక చూడలేను అన్నాను. ఆ మాటతో ఎవరూ ఇంకేం అనలేదు.

వెళ్లింది 2024 ఫిబ్రవరిలో. అప్పట్లో శ్రీలంక మనవాళ్లకు వీసా ఫీజు ఎత్తేసింది. ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే ప్రయాణ అనుమతి మాత్రం ముందే తీసుకోవాల్సి వచ్చేది. ఈ రూల్స్ తరచూ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు వాళ్ల ప్రభుత్వ సైట్ ఒకసారి చూసుకోండి. నాది మొత్తం పది రోజుల ప్రయాణం. అందులో మొదటి నాలుగు రోజుల గురించే ఇక్కడ రాస్తున్నాను. ఒంటరిగా వెళ్లేవాళ్లకు టెన్షన్, పొరపాట్లు, డబ్బు వృథా కావడం, అన్నీ ఆ నాలుగు రోజుల్లోనే ఉంటాయి. ఆ తర్వాత కాళ్లకు దారి అలవాటైపోతుంది.

పేరు కొలంబో విమానాశ్రయమే గాని అది ఉండేది కటునాయకేలో. కొలంబో అక్కడి నుంచి ముప్పై కిలోమీటర్ల పైనే. నెగొంబో అనే చేపలరేవు ఊరు మాత్రం పది కిలోమీటర్లు ఉంటుందేమో. నేను దిగేసరికి రాత్రి తొమ్మిది. చీకట్లో పెద్ద నగరంలోకి వెళ్లి బస వెతుక్కోవడం ఇష్టం లేక మొదటి రెండు రాత్రులూ నెగొంబోలోనే పెట్టుకున్నాను. ఈ ప్రయాణంలో నేను తీసుకున్న నిర్ణయాల్లో ఇదే అన్నిటికన్నా మంచిది. ఎక్కడైనా పొదుపు చేయండి, మొదటి రాత్రి బస దగ్గర మాత్రం చేయొద్దు. నేను బుక్ చేసింది ఒక కుటుంబం తమ ఇంటి మేడ మీద అద్దెకిచ్చే గది. ఇంటాయనే కారు తీసుకొచ్చి, నా పేరు రాసిన అట్ట పట్టుకుని గేటు దగ్గర నిలబడతానన్నాడు. బస్సు ఎక్కితే ఆ కారు ఖర్చులో పదో వంతుతో అయిపోయేది. అయినా ఆ అట్ట మీద నా పేరు కనబడగానే భుజాల మీద నుంచి బరువు దిగిపోయింది.

బయటికి రాకముందే రెండు పనులు చేసుకోండి. లోపలే డబ్బు మార్పిడి కౌంటర్లు, సిమ్ కౌంటర్లు వరసగా ఉంటాయి. నేను వెళ్లినప్పుడు మన రూపాయికి వాళ్లవి మూడున్నర పైచిలుకు వచ్చాయి. మొత్తం అక్కడే మార్చకుండా రెండు రోజులకు సరిపడా మార్చాను. సిమ్ వేసే అమ్మాయి ఫోను నా చేతికిచ్చి, నెట్ వస్తోందో లేదో చూసుకున్నాకే డబ్బు తీసుకుంది.

ఇల్లు చేరేసరికి పదిన్నర. ఇంటావిడకు యాభై అయిదేళ్లుంటాయి. నేను వచ్చీరాని తమిళంలో మాట్లాడబోయి, నోరు తిరగక అలవాటుగా "అక్కా" అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. సింహళంలో కూడా అక్కను అక్క అనే అంటారట. చెల్లెల్ని నంగి అంటారు. ఆ క్షణం నుంచి ఆవిడ నాకు అక్క, నేను ఆవిడకు నంగి. గదిలో చార్జర్ పెట్టబోతే పిన్ను పట్టలేదు. అక్కడ కొత్త ఇళ్లలో చదరపు రంధ్రాల ప్లగ్గులు, మన గుండ్రటి పిన్నులు వాటిలో దూరవు. అడిగేలోపే అడాప్టర్ తెచ్చిచ్చింది. మీరు మాత్రం ఇక్కడి నుంచే ఒకటి పట్టుకెళ్లండి.

పొద్దున టిఫిను ఇడియాప్పం, పరిప్పు, పొల్ సంబోల్. పరిప్పు అంటే కొబ్బరిపాలు పోసి వండిన పప్పు. పొల్ సంబోల్ పచ్చి కొబ్బరి, ఎండుమిర్చి, చిన్న ఉల్లిపాయలు, నిమ్మరసం కలిపి నూరిన పచ్చడి. శాకాహారులకు ఒక మాట: ఆ పచ్చడిలో ఉంబలకడ అని ఎండబెట్టిన చేప పొడి వేయడం మామూలు. పైకి కనిపించదు, అడిగి తినాలి. కొలంబోలో వెల్లవత్త వైపు తమిళుల శాకాహార హోటళ్లు ఉన్నాయి, అక్కడ ఈ బెడద లేదు. నాకు చేపతో పేచీ లేదు కాబట్టి రెండోసారి వడ్డించుకున్నాను.

నెగొంబోలో చూడాల్సింది చేపల రేవు. దాన్ని లెల్లమ అంటారు. పొద్దున ఆరింటికే వెళ్లాను. పక్కన ఇసుక మీద కొబ్బరిపీచు చాపలు పరిచి, ఉప్పునీళ్ల పీపాల్లో నానబెట్టిన చేపల్ని వాటి మీద వరసగా ఆరబెడుతున్నారు. తల ఒకవైపు, తోక ఒకవైపు, ఒక్కటి కూడా వరస తప్పదు. ఒకామె నడుం వంచి చాప పొడుగునా నడుస్తూ ఒక్కో చేపనూ తిరగేస్తూ పోతోంది, కాకులు ఆమె వెనకే. మా నెల్లూరు దగ్గర మైపాడు తీరంలో చిన్నప్పటి నుంచి చూసిన పనే, ఆ వాసనే. నిన్న రాత్రి విమానంలో బిగుసుకుని కూర్చున్నదాన్ని, అక్కడ గంటసేపు ఇసుకలో కూర్చుని ఏ భయమూ లేకుండా చూస్తూ ఉండిపోయాను. ఒక్కటే లోపం. బీచ్ హోటళ్లున్న వీధిలో భోజనం ధరలు ఊళ్లో కంటే రెట్టింపు ఉన్నాయి. రెండు వీధులు లోపలికి నడిస్తే అదే అన్నం, కూరలు మామూలు ధరకు దొరుకుతాయి.

మూడో రోజు 240 నంబరు బస్సెక్కి కొలంబో వెళ్లాను. టికెట్ చాలా తక్కువ, పెద్ద బ్యాగు ఉంటే మాత్రం ఇబ్బంది. బస్సు దిగింది పెట్టా దగ్గర. నగరం మొత్తంలో నాకు బాగా నచ్చింది పెట్టానే. ఒక వీధి అంతా బట్టలు, ఇంకో వీధి అంతా గడియారాలు, మధ్యలో ఎరుపు తెలుపు చారల ఎర్ర మసీదు. 1908లో కట్టడం మొదలుపెట్టారట. ఎదురుగా నిలబడితే మెడ వెనక్కి వంచి చూడాలి. సాయంత్రం గాల్ ఫేస్ మైదానంలో పిల్లలు గాలిపటాలు ఎగరేస్తున్నారు. బళ్ల మీద రొయ్యల వడలు, ఇస్సో వడే అంటారు. 2022 ఆర్థిక సంక్షోభంలో ప్రభుత్వం దిగిపోవాలని జనం నెలల తరబడి గుడారాలు వేసుకుని కూర్చున్నది ఇక్కడే. నెగొంబో అక్క చెప్పింది, ఆ రోజుల్లో గ్యాస్ సిలిండరు కోసం క్యూలో నిలబడటమే సరిపోయేదట. మేడ మీద గదులు ఖాళీగా పడి ఉండేవట. అందుకేనేమో, ఇప్పుడు వచ్చిన ప్రతి అతిథినీ అంత అపురూపంగా చూస్తున్నారు.

కొలంబోలో నా బస మాత్రం చెడింది. ఫొటోలు చూసి, మంచి రేటు వచ్చిందని ఒక చిన్న లాడ్జి లాంటిది బుక్ చేశాను. వెళ్లేసరికి ఆ గది లేదన్నారు, వెనక భవనంలో ఇంకో గది చూపించారు. చిన్నదైతే సర్దుకునేదాన్ని. తలుపు గడియ చూశాను. గడియ ఉంది, అది దూరాల్సిన చట్రంలో రంధ్రం ఉన్నచోట చెక్క ఊడిపోయి ఉంది. వేసినా ఒక్క తోపుకు వచ్చేస్తుంది. కౌంటరు దగ్గర కుర్రాడు "రాత్రంతా నేను ఇక్కడే ఉంటాను మేడమ్" అన్నాడు. అతనిది తప్పు కాదు, మంచిగానే మాట్లాడాడు. కానీ నాకు కావాల్సింది గడియ. అప్పటికే రాత్రి ఏడున్నర. అక్కకు ఫోన్ చేశాను. ఆవిడ బంబలపిటియలో తనకు తెలిసిన ఇంకో ఇంటివాళ్లకు చెప్పింది. పికమీ యాప్‌లో ఆటో పిలుచుకుని అరగంటలో అక్కడున్నాను. మొదటి చోట కట్టిన డబ్బు తిరిగి రాలేదు, పోతే పోయిందనుకున్నాను. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు చెప్తున్నాను. గదిలోకి వెళ్లగానే బ్యాగు దించకుండా ముందు తలుపు వేసి, లోపల గడియ పెట్టి, గట్టిగా ఒకసారి గుంజి చూడండి. నచ్చకపోతే మొహమాటపడొద్దు.

పికమీ గురించి కూడా చెప్పాలి. అక్కడ ఆటోను త్రీవీలర్ అంటారు. వీధిలో ఆపి అడిగితే ఒక రేటు, యాప్‌లో ఇంకో రేటు. నగదు ఇవ్వొచ్చు కాబట్టి కార్డు గొడవ లేదు. క్యాండీ స్టేషన్ బయట ఒకతను చెప్పిన రేటులో మూడో వంతుకే యాప్‌లో వచ్చింది.

క్యాండీ రైలు నాలుగో రోజు పొద్దున. రిజర్వేషన్ సీట్లు నెల ముందే తెరుస్తారు, వెంటనే అయిపోతాయి. నాకు దొరకలేదు. రిజర్వేషన్ లేని రెండో తరగతి టికెట్ అప్పటికప్పుడు కౌంటర్లో ఇస్తారు, కాబట్టి కంగారు పడక్కర్లేదు. నేను పట్టించుకోనిది ఒక్కటే, ఆ రోజు నవమ్ పోయ. మనకు మాఘ పౌర్ణమి దగ్గర పడే పండగ. అక్కడ ప్రతి పౌర్ణమికీ ప్రభుత్వ సెలవు. దేశమంతా తెల్లబట్టలు కట్టుకుని క్యాండీకే బయల్దేరిందా అనిపించింది. గంటన్నర నిలబడే వెళ్లాను. రంబుక్కన స్టేషన్ దాటాక ఒక కుటుంబం పిల్లవాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని నాకు కుడివైపు కిటికీ దగ్గర చోటిచ్చింది. అక్కడి నుంచే కొండ ఎక్కడం మొదలు. రైలు నెమ్మదిస్తుంది, కింద లోయ, మెట్లు మెట్లుగా పొలాలు, దూరంగా పొగమంచులో కొండల వరస. "వడే, వడే" అంటూ తిరిగేవాళ్ల దగ్గర ఆ తల్లి కొని నాకూ ఒకటి పెట్టింది. నా దగ్గరున్న నెల్లూరు మలైకాజా పిల్లవాడికిచ్చాను.

క్యాండీలో బస చెరువుకు పైన కొండ మీద. గది శుభ్రంగా ఉంది, వరండాలోంచి చెరువంతా కనిపిస్తుంది, గడియ గట్టిది. ఎక్కడం మాత్రం కష్టం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద ఊళ్లోనే తీసుకోండి. కోతులున్నాయి, కిటికీ తెరిచి బయటికి వెళ్లకూడదు.

సాయంత్రం దలదా మాలిగావకు వెళ్లాను, బుద్ధుడి దంతం ఉన్న ఆలయం. విదేశీయులకు టికెట్ ఉంది, మనలాంటి సార్క్ దేశాల పాస్‌పోర్టు చూపిస్తే కొంత తగ్గిస్తారు. కాబట్టి పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. ఆరున్నర పూజకు కింద డోళ్లు మొదలయ్యాయి. పైఅంతస్తులో చేతుల్లో నీలి కలువలతో జనం కదులుతూ ఉంటే, దంతం దాచిన పేటిక ఉన్న గది ముందు నాకు దొరికింది రెండు క్షణాలు. తిరుమలలో దొరికేది కూడా అంతే కదా. పౌర్ణమి కాని రోజు వెళ్తే నెమ్మదిగా చూడొచ్చు. కానీ ఆ తెల్లబట్టల సముద్రంలో నిలబడినందుకు నాకు సంతోషమే.

బయటికొచ్చి చెరువుగట్టు మీద కూర్చున్నాను. ఆ చెరువు 1807లో తవ్వించింది క్యాండీ చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ. ఆయన మదురై నాయకుల బంధువర్గం నుంచి వచ్చిన నాయక్కర్ వంశంవాడు, మూలాలు మన తెలుగువాళ్లవి. 1815లో బ్రిటిషువాళ్లు పట్టుకుని సముద్రం దాటించి వేలూరు కోటలో ఉంచారు. 1832లో అక్కడే పోయాడు. సమాధి పాలారు నది ఒడ్డున ఉంది.

అమ్మ వైద్యం కోసం నేను వేలూరు ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. పాలారు వంతెన మీదుగా ప్రతిసారీ పోయాను. నెల్లూరు వాళ్లకు వేలూరంటే ఆసుపత్రి, అంతే. చెరువుగట్టు మీద నుంచే అమ్మకు ఫోన్ చేసి ఈ సంగతంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాపం, ఇంత చల్లటి ఊరు వదిలేసి ఆ ఎండల్లోకి వచ్చాడా" అంది.

ఏప్రిల్‌లో అమ్మ పరీక్షలకు మళ్లీ వేలూరు వెళ్లాలి. ఈసారి ఒక పూట ముందే బయల్దేరి పాలారు ఒడ్డుకు వెళ్దామని అమ్మే అంది.